గీవర్ తగరపు గని మ్యూజియం: ఖనిజాలంటే ప్రాణం పెట్టేవారి కోసం

ఇంగ్లండ్ నైరుతి కొసన, కార్న్‌వాల్‌లోని పెండీన్ ఊరి దగ్గర, సముద్రాన్ని ఆనుకుని ఉంది గీవర్. 1990లో మూతపడిన ఈ తగరపు గని ఇప్పుడు మ్యూజియం. భూగర్భశాస్త్రం చదువుకున్న నాకు ఇంత మంచి పాఠం తరగతి గదిలో ఎన్నడూ దొరకలేదు.

ఖనిజాల అరల దగ్గర నుంచి కదలాలనిపించలేదు. కాసిటరైట్ అంటే తగరపు ఆక్సైడ్, తగరం తీసే ముడిఖనిజం ఇదే. ముదురు గోధుమ రంగు నుంచి నలుపు దాకా ఉంటుంది, అంచులు వజ్రంలా తళుక్కుమంటాయి. నీటికన్నా దాదాపు 7 రెట్లు బరువు. ఈ ప్రాంతంలో దానికి తోడుగా ఇత్తడి రంగు చాల్కోపైరైట్ (రాగి ఖనిజం), వెండి తెలుపు ఆర్సెనోపైరైట్ (ఆర్సెనిక్ ఖనిజం), నల్లని టూర్మలీన్ అనే ఖనిజం దొరుకుతాయి. ఇన్ని లోహాలు ఒకేచోట ఎలా చేరాయి? గ్రానైట్ చల్లబడే కాలంలో వేడి ద్రవాలు పగుళ్లలోకి ఎగబాకాయి. బాగా వేడిగా ఉన్నచోట తగరం, వేడి తగ్గినచోట రాగి, ఇంకా దూరాన సీసం, జింకు పేరుకున్నాయి. పొరుగునే ఉన్న బొటాలక్ గని పేరుమీద బొటాలకైట్ అనే ఆకుపచ్చ రాగి ఖనిజమే ఉంది!

మిల్లులోని ఊగే బల్లలను తప్పక చూడండి. పొడిచేసిన ముడిఖనిజం మీద నీరు పారించి, బియ్యం గాలించినట్టే బరువైన తగరాన్ని వేరుచేసేవారు. కార్మికులు బట్టలు మార్చుకునే గదిని అలాగే ఉంచారు. అక్కడ నాకు దుఃఖంతో గొంతు పూడుకుపోయింది.

ఇక్కడే నేల కింద చూపించే పాత గని, వీల్ మెక్సికో సొరంగం, 18వ శతాబ్దపుది. హెల్మెట్ ఇస్తారు, వంగి నడవాలి. మోకాళ్ల నొప్పులున్నవారు పైభాగం చూసినా చాలు. పిల్లలను మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి.