క్రూయిజ్ ఓడా, తెరచాప పడవా: చెన్నై రేవు నుంచి ఒక ఫొటోగ్రాఫర్ లెక్క

కెమెరాతో క్రూయిజ్‌కు బయలుదేరేవాళ్లు ముందుగా ఏ లెన్సు పట్టుకెళ్లాలని అడుగుతారు. బాల్కనీ గదికి డబ్బు తగలెయ్యవద్దన్నది నేను ముందుగా చెప్పే మాట. బాల్కనీ ఓడకు ఒక పక్కనే ఉంటుంది, వెలుతురేమో ఓడ తిరిగినప్పుడల్లా పక్క మారుస్తుంది. కిటికీ గది ఇంకా దండగ. అద్దం తెరుచుకోదు, బయటివైపు ఉప్పు పొర కట్టి ఉంటుంది, దాన్ని తుడిచే దారి మనకు లేదు. అన్నిటికంటే చవకైన లోపలి గది నిద్రకు చాలు. మెలకువగా ఉన్నంతసేపూ ఎలాగూ పై డెక్కు మీదే ఉంటాం. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో గది అడగండి, ఊపు తక్కువగా తెలుస్తుంది. వెనుక భాగంలో ఇంజనుకు దగ్గరగా ఇస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. మంచం రాత్రంతా సన్నగా అదురుతూనే ఉంటుంది.

నైరుతి రుతుపవనాల నెలల్లో ముంబై, గోవా వైపు సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. విహార నౌక తూర్పు తీరానికి రావడానికి అదొక కారణం. 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖ వైపు మొదలైన ఈ విహారాలు మరుసటి ఏడాది శ్రీలంక రేవుల దాకా సాగాయి. నెల్లూరు నుంచి అక్క, బావ కూడా వస్తామంటే ముగ్గురికీ కలిపి ఒక ఏజెంటు దగ్గర టికెట్లు తీసుకున్నాను. ఆయన చెప్పిన ధరకు, చివరికి కట్టిన ధరకు పొంతన లేదు. రేవు రుసుము, పన్ను, సిబ్బందికి ఇచ్చే సర్వీసు మొత్తం, అన్నీ ఒకదాని వెనుక ఒకటి వచ్చి చేరాయి. మీరు టికెట్ కొనేటప్పుడు "అన్నీ కలిపి ఎంత?" అని రాతలో అడగండి. డ్రోను ఇంట్లోనే వదిలిపెట్టండి, ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా. సామాను తనిఖీలో తీసి పక్కన పెట్టేస్తారు. రేవు ఆవరణలో ఫొటోలకు అనుమతి ఉండదు కాబట్టి ఓడెక్కేదాకా కెమెరా సంచిలోనే ఉండాలి.

నా దృష్టిలో టికెట్ డబ్బంతా రేవు దాటే ఆ గంటకే. మనది తూర్పు తీరం కనుక సాయంత్రం ఓడ కదిలేసరికి సూర్యుడు ఊరి వెనక్కి దిగుతుంటాడు, క్రేన్లూ గోదాములూ నల్లటి గీతలుగా మిగులుతాయి. వాటి వెనుక హైకోర్టు గోపురాల్లో అన్నిటికంటే ఎత్తైనదాన్ని వెతకండి. 1894 నుంచి 1977 దాకా చెన్నపట్నం దీపస్తంభం అదే. మెరీనా దగ్గరున్న ఇప్పటి దీపస్తంభం ఎడమవైపు, దక్షిణాన కనబడుతుంది. చుట్టూ అందరూ సెల్ఫీల్లో మునిగి ఉంటే నేను డెక్కు అంచున చేరి కిందికి చూస్తూ నిలబడ్డాను. ఓడను బయటికి నడిపించిన రేవు పైలట్, బయటి గోడ దాటాక, ఓడ ఆగకుండానే పక్కనుంచి వేలాడే తాళ్ల నిచ్చెన మీదుగా కిందికి దిగుతాడు. చిన్న పడవ ఓడ ఒంటిని రాసుకున్నట్టు అదే వేగంతో పరిగెడుతుంటుంది. అల ఎత్తినప్పుడు పడవ నిచ్చెన చివరి మెట్టు దాకా లేస్తుంది, సరిగ్గా ఆ క్షణంలో ఆయన కాలు మోపాడు. ప్రయాణం మొత్తంలో నేను గోడకు తగిలించుకున్న ఫొటో అదొక్కటే.

ఆ గంట చేజారకుండా ఒక జాగ్రత్త. ఏసీ గదిలోంచి నేరుగా డెక్కు మీదికొస్తే చెన్నై ఉక్కకు లెన్సు ముందరి గాజే కాదు, లోపలి గాజు కూడా మంచు పట్టినట్టు తెల్లబడుతుంది. తుడిచి లాభం లేదు. జిప్పు తీయకుండా సంచిని అరగంట ముందే బయట పెట్టండి.

నడిసముద్రంలో గడిచే రోజు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. చుట్టూ ఒకే గీత, మధ్యాహ్నం తెల్లటి ఎండ. రాత్రి నక్షత్రాల కోసం ట్రైపాడ్ వేస్తే కింద డెక్కు అదురు, పైన ఊపు, చుక్కలన్నీ కోడిగీతలే. బావకు మాత్రం అదే స్వర్గం. "ఏమోయ్, ఇంత డబ్బు పోసి ఓడెక్కింది ఈ చువ్వలు పట్టుకుని నిలబడడానికా? లోపల దోసెలు వేస్తున్నారు, రా!" అని పిలుస్తూనే ఉన్నాడు. భోజనం నిజంగానే బాగుంది. శాకాహారులకు లోటు లేదు, పెరుగన్నం కూడా ఉంది, గది ఊడ్చే కుర్రాడి దగ్గర నుంచి అందరూ మర్యాదస్తులు. ఇంటర్నెట్ ప్యాకేజీ మాత్రం కొనకండి, ఒక్క ఫొటో కూడా పూర్తిగా ఎక్కలేదు. పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లేవారికి ఈ విహారం హాయి. ఫొటోల కోసమే అయితే అన్నిటికంటే చిన్న ట్రిప్పు చాలు; బయలుదేరే గంట, తిరిగొచ్చే గంట అందులోనూ ఉంటాయి.

అసలు ఓడ మీద ఉన్నంతసేపూ ఓడ ఫొటో తీయలేం. అందుకే సెయిలింగ్ క్లబ్బులో సభ్యుడైన మిత్రుడు తన పడవలోకి పిలిస్తే ఎగిరి గంతేశాను. చెన్నైకి ఈ సరదా కొత్త కాదు. రేవుకు ఇప్పటి రూపురేఖలు దిద్దిన సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగే 1911లో రాయల్ మద్రాస్ యాచ్ క్లబ్‌ను మొదలుపెట్టాడు. అంతకు చాలా ముందు, రేవు కట్టని రోజుల్లో పద్ధతి వేరు. ఓడలు దూరాన లంగరు వేస్తే, కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన మసులా పడవల్లో మనుషుల్నీ సరుకునూ అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవారు. మేకులు కొట్టిన పడవ అయితే ఆ అలల దెబ్బకు పగిలిపోయేది, కుట్టినది సాగి తట్టుకునేది. ఆ పద్ధతి ఇంకా చావలేదు. అజంతా చిత్రంలోని ఓడను నమూనాగా తీసుకుని అలాగే కుట్టి కట్టిన కౌండిన్య అనే తెరచాప ఓడను 2025 మేలో నౌకాదళం చేర్చుకుంది. డిసెంబరు చివర అది పోర్‌బందర్ నుంచి మస్కట్‌కు బయలుదేరింది కూడా.

పడవలో సౌకర్యం అనే మాటే మరచిపోవాలి. ఒక చెయ్యి తాడుకు, ఒక చెయ్యి కెమెరాకు. లెన్సు మార్చే ప్రసక్తి లేదు, 24-70 మి.మీ. జూమ్ లెన్సు పెట్టుకుని అదే ఉంచుకోవాలి. గాలికి ఎదురు మలుపు తిప్పినప్పుడు తెరచాప అడుగున ఉండే అడ్డకొయ్య తలమీదుగా ఈ పక్కనుంచి ఆ పక్కకు విసురుగా వస్తుంది. మిత్రుడు "తల!" అని అరిస్తే వంగడమే, ఫొటో తరువాత. కానీ ఎండకు ఎదురుగా తెరచాపను చూడండి. ప్రతి కుట్టూ, ప్రతి అతుకూ కనబడుతుంది. గుడ్డకు రెండు వైపులా చిన్న ఊలు దారాలు అతికించి ఉంటాయి. రెండూ సమంగా వెనక్కి పారితే గాలి సరిగా పట్టినట్టు, ఒకటి గిలగిలలాడితే తాడు సర్దాలి. అరగంటలో నా కన్ను సముద్రాన్ని వదిలేసి ఆ దారాలకే అంటుకుపోయింది.

ఇలాంటి పడవ కంటే పెద్దది నౌకాదళం వారి తెరచాప పడవ తారిణి, 56 అడుగులు. 2017 సెప్టెంబరులో గోవాలో బయలుదేరి 2018 మేలో తిరిగొచ్చిన ఆ పడవలో ఆరుగురు నౌకాదళ మహిళలు భూమి చుట్టి వచ్చారు. వారిలో స్వాతి మన విశాఖ అమ్మాయి, ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి. కొద్ది గంటలకే నా మోచేతులు కొట్టుకుపోయాయి కాబట్టి ఆ నెలల లెక్క నాకు బాగా అర్థమైంది.

ఇంకా తీయాల్సింది మూడు స్తంభాల ఐఎన్ఎస్ తరంగిణి. 1997లో నౌకాదళంలో చేరిన ఈ శిక్షణ నౌకకు 20 తెరచాపలు, కొచ్చి దాని స్థావరం. అన్నీ ఎత్తి ఉండగా పక్కనుంచి ఫొటో తీయాలంటే మళ్లీ ఒక చిన్న పడవలోనే వెళ్లాలి. చెన్నైలో తెరచాప పడవ ఎక్కాలనుకునేవారు జనవరి నుంచి మార్చి వరకు చూసుకోండి. ఈశాన్య రుతుపవనం వెళ్లిపోయి ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. రబ్బరు అడుగున్న బూట్లు, మంచినీళ్లు, లెన్సు మీది ఉప్పు తుడవడానికి ఒక తడి గుడ్డ, ఒక పొడి గుడ్డ చాలు. తడిది ముందు వాడాలి, పొడిగుడ్డతోనే రుద్దితే ఉప్పు గాజును గీరుతుంది.