బ్రిటన్‌లో బెట్టింగ్ ఆప్‌తో ఫుట్‌బాల్ టోర్నీలు: 2018 నుంచి వాడినవాడి రివ్యూ

2018 రష్యా వరల్డ్ కప్ నుంచి 2024 యూరో (యూరప్ దేశాల కప్) దాకా ఒకే కంపెనీ ఆప్‌లో పందేలు కాస్తూ వచ్చాను. పేరు రాయను. ఇంగ్లండ్‌లో ఏ ఊరి బజార్లో చూసినా షాపు కనిపించే పాత బుక్‌మేకర్లలో, అంటే పందేలు కట్టించుకునే కంపెనీల్లో, అదొకటి, మిగతావాటికీ దీనికీ పెద్ద తేడా కూడా లేదు. ముందే చెప్పేస్తున్నా, ఆప్‌గా బాగుంది, డబ్బు ఎగ్గొట్టదు, కాకపోతే మ్యాచ్ చూసే సుఖం పోతుంది.

మొదట్లో ఐడీ దగ్గర నానా తిప్పలు పడ్డాను. మన ఇంటిపేర్లతో ఉన్న గోలే అది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, బ్యాంకు కార్డు మీద ఒక్క అక్షరమే ఉంటుంది, ఇద్దరూ ఒకే మనిషని చాట్‌లో ఉన్నాయనకి నచ్చజెప్పేసరికి గ్రూప్ మ్యాచ్‌లు సగం అయిపోయాయి. ఆ తర్వాత మాత్రం ఇబ్బంది లేదు. గెలిచిన డబ్బు డెబిట్ కార్డులోకి త్వరగానే వస్తుంది, ఇక్కడ ఆడేవాడికి దాని మీద పన్ను లేదు. క్రెడిట్ కార్డుతో కాయడం 2020 ఏప్రిల్ నుంచి బంద్, మంచి పనే చేశారు. డిపాజిట్ లిమిట్ (ఆప్‌లో వేసే డబ్బుకి మనం పెట్టుకునే హద్దు) తగ్గిస్తే వెంటనే తగ్గుతుంది, పెంచాలంటే కనీసం ఒక రోజు ఆగాలి. ఇంగ్లండ్ ఓడిపోయిన రాత్రి ఆ ఒక్కరోజు ఎంత పనికొస్తుందో ఇక్కడ ఉన్నవాళ్ళని అడగండి.

కొత్తవాళ్ళు అసలు తెలుసుకోవాల్సింది సెటిల్‌మెంట్ రూల్స్, అంటే పందెం గెలిచిందో ఓడిందో ఎలా తేలుస్తారన్నది. 'మ్యాచ్ రిజల్ట్' అని కాస్తే 90 నిమిషాలూ, దానికి కలిపే ఇంజరీ టైమూ, అంతే. ఎక్స్‌ట్రా టైమ్, పెనాల్టీలు లెక్కలోకి రావు. 2022 ఫైనల్ రోజు మా ఇంట్లో ఇదే జరిగింది. అర్జెంటీనా గెలుస్తుందని కాసిన ఫ్రెండు 79వ నిమిషం దాకా 2-0 చూసుకుంటూ సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు, 80లో పెనాల్టీ, 81లో మామూలు గోల్ ఒకటి, ఎంబాపే రెండూ కొట్టేశాడు, చివరికి మెస్సీ కప్పు ఎత్తాడు, మావాడి పందెం మాత్రం పోయింది! ఎందుకంటే 90 నిమిషాలకి అది 2-2 డ్రా. 'కప్ గెలుస్తుంది' అనే మార్కెట్ (పందెం రకం) వేరే ఉంటుంది, కాయాల్సింది అందులో. ఇదేదో ఎప్పుడో ఒకసారి జరిగేది అనుకోకండి, 2006 నుంచి 2022 వరకు ఐదు వరల్డ్ కప్ ఫైనల్స్‌లో నాలుగు 90 నిమిషాల్లో తేలలేదు, 2018 ఒక్కటే తేలింది.

టాప్ స్కోరర్ పందెంలోనూ ఇలాంటి మెలికే. 2024 యూరోలో కేన్, ముసియాలా, ఓల్మో, గాక్పో, మికౌటాడ్జే, ష్రాంజ్, ఆరుగురూ మూడేసి గోల్స్ దగ్గర ఆగిపోయారు. అలాంటప్పుడు డెడ్ హీట్ (సమానంగా నిలిచినప్పటి) రూల్ పెట్టి, మీరు కాసినదాన్ని ఆరు ముక్కలు చేసి ఒక్క ముక్కకే ఆడ్స్ (పందెం రేటు) ఇస్తారు. 6/1 మీద, అంటే ఒక పౌండుకి ఆరు లాభం రేటున, 6 పౌండ్లు కాశారనుకోండి, 42 వస్తాయని లెక్కలేసుకుంటారు, వచ్చేది 7. ఆప్ మాత్రం 'కంగ్రాచ్యులేషన్స్' అనే అంటుంది.

ఆడ్స్ సంగతికొస్తే, ఒక మ్యాచ్‌లో గెలుపు, డ్రా, ఓటమికి 2.10, 3.30, 3.60 అని మూడు అంకెలు (ఒక పౌండు కాసి గెలిస్తే అసలుతో కలిపి వచ్చేది) కనిపిస్తే, ఒకటిని ఒక్కోదానితో భాగించి కలపండి. 100 శాతం రావాలి, దాదాపు 105.7 వస్తుంది. పైన ఉన్నదంతా కంపెనీ వాటా. భీమవరం వైపు కోడిపందేల బరి దగ్గర నిర్వాహకుడు పట్టుకునే కమిషన్ లాంటిదే, కాకపోతే అక్కడ పైకి చెప్పి పట్టుకుంటారు. బెట్ బిల్డర్ ఇంకా ఘోరం. కేన్ గోల్, తొమ్మిది కార్నర్లు, ఫలానావాడికి ఎల్లో కార్డు అని ఒకదానికొకటి అతికిస్తుంటే సరదాగానే ఉంటుంది, కానీ అతికించిన ప్రతిదాంట్లోనూ ఆ వాటా కూర్చునే ఉంటుంది. క్యాష్ అవుట్ (మ్యాచ్ అయ్యేలోపే పందెం ముగించి డబ్బు తీసేసుకోవడం) కూడా అంతే, 10 పౌండ్లు 4.0 మీద కాసి, మనవాళ్ళు లీడ్‌లో ఉండగా లైవ్ ఆడ్స్ 1.10 అయ్యాయంటే చేతికి 36 పైన రావాలి, నాకు ఎప్పుడు చూసినా అలాంటిచోట 33 చుట్టూనే చూపించేది. కంపెనీ ఊరికే ఇచ్చే ఫ్రీ బెట్‌కి కాసిన డబ్బు వెనక్కి రాదు, లాభమే వస్తుంది, దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

ఇక మ్యాచ్ చూడటం. ఇక్కడ వరల్డ్ కప్, యూరో రెండూ బీబీసీ, ఐటీవీ పంచుకుని చూపిస్తాయి, టీవీ లైసెన్స్ ఉంటే చాలు, వేరే చందా అక్కర్లేదు. బీబీసీలో యాడ్స్ ఉండవు, అందుకే రెండింట్లోనూ ఫైనల్ వస్తే జనం అటే పోతారు. చిక్కల్లా ఆన్‌లైన్ స్ట్రీమ్ ఆలస్యంతో. 2022 నవంబర్ 22న పొద్దున పదింటికి అర్జెంటీనా, సౌదీ మ్యాచ్. ల్యాప్‌టాప్‌లో ఐటీవీ, చేతిలో ఫోన్. ఫస్ట్ హాఫ్‌లో మెస్సీ పెనాల్టీ గోల్ కాక అర్జెంటీనా ఇంకో మూడుసార్లు బంతిని నెట్‌లోకి పంపింది, మూడూ ఆఫ్‌సైడ్. ఆ మూడుసార్లూ ముందు ఫోన్‌లో క్యాష్ అవుట్ బటన్ బూడిద రంగులోకి మారి 'సస్పెండెడ్' (పందేలు ఆపాం) అని పడేది, ల్యాప్‌టాప్‌లో బంతి ఇంకా సెంటర్ సర్కిల్ దగ్గరే తిరుగుతుండేది, ఏదో జరగబోతోందని తెలిసి అర నిమిషం ఊపిరి బిగబట్టి కూర్చోవడం, తీరా గోల్ పడ్డాక ఆఫ్‌సైడ్. సెకండ్ హాఫ్‌లో సౌదీ ఐదు నిమిషాల తేడాలో కొట్టిన రెండు గోల్సూ నేను ముందు ఫోన్‌లోనే 'చూశాను'. వాటిలో రెండోది, అల్ దవ్సరీ కొట్టిన గోల్, టోర్నీ మొత్తానికి గొప్పవాటిలో ఒకటి, అది నాకు ఒక బటన్ రంగు మారడంగా అందింది. యాంటెన్నా పెట్టి మామూలు టీవీలో చూస్తే ఆలస్యం బాగా తగ్గుతుంది, టెన్షన్ తగ్గదు. అందుకే 2024 యూరోకి టోర్నీ మొదలవకముందే కప్ ఎవరిదని ఒక్క పందెం కాసి, నోటిఫికేషన్లన్నీ ఆపేశాను. స్లొవాకియా మీద 95వ నిమిషంలో బెల్లింగ్‌హామ్ గాల్లో తిరిగి కొట్టిన గోల్ ఫోన్ లేకుండా చూశాను.

మార్కులంటారా, ఆప్‌కి 5కి 4, లైవ్ బెట్టింగ్‌కి 1.

ఇంకోటి, ప్రతి టోర్నీకీ హైదరాబాద్ నుంచి మా బావ ఫోన్ చేసి 'నాది కూడా ఒక వెయ్యి వెయ్యరా' అంటాడు. ఇంకొకరి తరఫున కాయడం కంపెనీ రూల్స్‌కి విరుద్ధం, అకౌంట్ మూసేస్తారు. పోనీ నువ్వే అక్కడ ఏదో ఒక బెట్టింగ్ ఐడీ తీసుకుని ఆడు అనడానికీ లేదు, ఆన్‌లైన్ పందేలు తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి నేరం, పైగా ఆ ఐడీలు అమ్మేవాడు గెలిచిన డబ్బు ఇవ్వకపోతే వెళ్ళి అడగడానికి దిక్కుండదు. ఆడ్స్ ఎంత ఉన్నాయో చెప్తాను బావా, అంతవరకే అంటాను.