27 అంగుళాల మానిటర్, దాని వెనక వేలాడే నల్ల డబ్బా

మానిటర్ కొనేటప్పుడు అంగుళాలు అడుగుతారు, రిజల్యూషన్ అడుగుతారు, ధర అడుగుతారు. కరెంటు దాంట్లోకి ఎట్లా పోతుందని అడిగినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. ప్లగ్గు వైరు నేరుగా మానిటర్ వీపులో గుచ్చేదా, లేక లాప్‌టాప్‌కు ఉన్నట్టు మధ్యలో అడాప్టర్ డబ్బా ఉండేదా అన్నదే నా ప్రశ్న. నాది డబ్బా ఉన్న రకం. మూడేళ్లు పైమాటే అయింది తీసుకుని. పెట్టె విప్పిన రోజు ఆ నల్ల డబ్బాను చూసి చిరాకేసింది, టేబుల్ కింద వేలాడుతూ కాలికి తగులుతుంది, ఊడ్చేటప్పుడు చీపురుకు అడ్డం. ఇప్పుడు అనంతపురంలో ఎవరైనా ఇంట్లో పనికి ఏ మానిటర్ తీసుకోవాలని అడిగితే ముందు ఆ డబ్బా గురించే చెప్తున్నా, మిగతావి తర్వాత.

నా పని తెలుగు పుస్తకాలకు పేజీలు పెట్టడం, ప్రూఫులు దిద్దడం. సాయినగర్‌లో అద్దె ఇంట్లో మేడమీద గది, పడమర కిటికీ. సాఫ్ట్‌వేర్ ఇంకా పేజ్‌మేకర్ 7, దాంట్లో అను ఫాంట్లు. నవ్వేవాళ్లు నవ్వొచ్చు, అది 2001లో వచ్చిందే, కానీ నాకు పని పంపే చిన్న ప్రచురణకర్తల్లో సగం మంది ఫైళ్లు దాంట్లోనే ఉన్నాయి. ఇది ఎందుకు చెప్తున్నానంటే మానిటర్ ఎంపిక దీనితోనే ముడిపడింది.

24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో అంగుళానికి 92 చుక్కలు వస్తాయి. అదే ఫుల్ హెచ్‌డీని 27 అంగుళాలకు సాగదీస్తే 82కు పడిపోతుంది, అంటే తెర పెద్దదయ్యేకొద్దీ అక్షరం ముతక అవుతుంది, షాపులో ఈ మాట చెప్పరు. 27లో క్యూహెచ్‌డీ (ఫుల్ హెచ్‌డీ కంటే ఎక్కువ చుక్కలు, 2560 బై 1440) తీసుకుంటే 109, నాది అదే. ఇంగ్లీషు చదివేవాళ్లకు ఈ తేడా పెద్దగా అనిపించకపోవచ్చు. తెలుగులో 'జ్యోత్స్న' అన్న మాట కింద రెండు ఒత్తులు పడినప్పుడు, 'కథ' అని ఉందో 'కధ' అని ఉందో ఆ చిన్న చుక్కను బట్టి తేల్చుకోవాల్సినప్పుడు తేడా తెలుస్తుంది. పాత 24లో ప్రతి రెండు లైన్లకూ జూమ్ చేయాల్సి వచ్చేది. దీంట్లో పేజీ మొత్తం తెర మీద పెట్టుకుని దిద్దగలుగుతున్నా.

మరి 4కె ఎందుకు తీసుకోలేదంటే, 27 అంగుళాల 4కెలో చుక్కలు 163, మంచిదే, కానీ విండోస్‌లో 150 శాతం స్కేలింగ్, అంటే అన్నిటినీ పెద్దవి చేసి చూపించే సెట్టింగ్, పెట్టకపోతే మెనూలు సరిగ్గా కనపడవు. స్కేలింగ్ పెడితే పేజ్‌మేకర్ లాంటి పాత సాఫ్ట్‌వేర్ మసకబారుతుంది, దానికి స్కేలింగ్ అంటే ఏంటో తెలియదు కాబట్టి విండోస్ దాని బొమ్మను అట్లే సాగదీసి చూపిస్తుంది. పైగా నా పాత కంప్యూటర్‌లో ఉన్నది హెచ్‌డీఎంఐ 1.4, దాంట్లో 4కె అంటే సెకనుకు 30 ఫ్రేములే, మౌస్ కదిలిస్తే బాణం ఈడ్చుకుంటూ వస్తుంది. కొత్త కంప్యూటర్, పేజీలు పెట్టే కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు.

ఇంక అసలు సంగతి. పోయినేడాది మే నెల, సాయంత్రం ఈదురుగాలి లేచింది. మా దగ్గర ఎండాకాలం గాలి లేచిందంటే వాన కంటే ముందు కరెంటు పోతుంది, అది అలవాటే. ఆ రోజు పోలేదు, పెరిగింది. గదిలో పాత బల్బు ఎన్నడూ లేనంత తెల్లగా వెలిగింది, ఫ్యాను రెగ్యులేటర్ దగ్గర జుయ్‌మని చప్పుడు, టేబుల్ కింద టప్‌మని ఒక్క శబ్దం, మానిటర్ ఆరిపోయింది. కింద ఇంటి ఓనరమ్మ "అబ్బయ్యా, మెయిన్ ఆపు, మెయిన్ ఆపు" అని అరుస్తానే ఉంది. లైన్‌మ్యాన్ వచ్చి చూస్తే స్తంభం దగ్గర న్యూట్రల్ (కరెంటు తిరిగిపోయే తీగ) తెగింది. న్యూట్రల్ తెగితే ఏమవుతుందంటే, మూడు ఫేజుల మీద ఉన్న ఇళ్ల మధ్య సమతూకం పోయి, తక్కువ లోడు ఉన్న ఫేజు ఇళ్లలోకి 230 వోల్టులు రావాల్సిన చోట 300 పైన, ఒక్కోసారి 400 దగ్గరి దాకా వస్తుంది. అడాప్టర్ల మీద 100 నుంచి 240 అని రాసి ఉంటుంది, అంతకు కొంచెం పైన కూడా తట్టుకుంటాయి గానీ ఇంతకు కాదు. నేను నమ్ముకున్న స్పైక్ బస్టర్ ఏమీ చేయలేదు. అది క్షణకాలం వచ్చే దెబ్బను ఆపడానికి చేసింది, నిమిషాల తరబడి ఎక్కువ వోల్టేజీ వస్తే దాని వల్ల కాదు.

మా వీధిలో ఆ సాయంత్రం టీవీలు, సెట్‌టాప్ బాక్సులు చాలానే పోయాయి. నా మానిటర్ సుభాష్ రోడ్డు పక్క సందులో రిపేర్లు చేసే ఒకాయన దగ్గరికి మోసుకుపోయా. తెర మీద ఇంకా రెండు పుస్తకాల పని మిగిలుంది, టెన్షన్ చెప్పనలవి కాదు. ఆయన మానిటర్ వైపు చూడనే లేదు, అడాప్టర్ అడిగి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"వాసనొస్తాండాది చూడప్పా. ఇది పోయిండాది."

"మానిటర్ సంగతేంటన్నా?"

"చూస్తాం ఆగు."

తన బల్ల మీదున్న సప్లై తీసి 19 వోల్టులకు తిప్పి, పిన్ను గుచ్చాడు. తెర వెలిగింది. నాకు అప్పుడు గాని ఊపిరి ఆడలేదు. "దీనికేం కాలేదప్పా, ఆ డబ్బా సచ్చి దీన్ని బతికిచ్చింది" అన్నాడు. డబ్బులు కూడా తీసుకోలేదు, టీ తాపించమన్నాడు.

అదే బల్ల మీద ఇంకో మానిటర్ విప్పి ఉంది, మా వీధిలో ట్యూషన్లు చెప్పే సారుదే. దాంట్లో పవర్ బోర్డు లోపలే ఉంటుంది, కరెంటు దెబ్బ నేరుగా దానికి తగిలింది. సన్న అంచుల మానిటర్లలో చాలావాటికి చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులే, విప్పేటప్పుడు రెండు విరిగాయి. బోర్డు బాగు చేశారు కానీ ప్యానెల్ (బొమ్మ కనిపించే పలక) మీద వేలు నొక్కుకుందో ఏమో, ఇప్పుడు తెల్ల పేజీ తెరిస్తే ఒక మూల వెలుగు మచ్చ కనపడుతుంది. వారంటీ ఉంది ఆయనకు. సర్వీసు సెంటరుకు ఫోన్ చేస్తే వోల్టేజీ వల్ల పోతే వారంటీ రాదని చెప్పేశారు. నాకూ అదే చెప్పేవాళ్లు, కాకపోతే నాకు ఒక అడాప్టర్ ఖర్చుతో పోయింది.

పోయింది అన్నాను గానీ అంత తేలిగ్గా పోలేదు. పని ఆగకూడదని మొదట ఊళ్లోనే దొరికిన డూప్లికేట్ అడాప్టర్ తీసుకున్నా. 19 వోల్టులు, పిన్ను సరిపోయింది, ఆంపియర్లు కూడా ఎక్కువే రాసుంది. తెర వెలిగింది కానీ బూడిద రంగు బ్యాక్‌గ్రౌండ్ మీద సన్న గీతలు కింది నుంచి పైకి పాకుతూ ఉండేవి. తెల్ల పేజీ మీద కనపడవు, అందుకే రెండు రోజులు గమనించలేదు, కళ్లు మాత్రం మండేవి. ఇంకోటి, కంప్యూటర్ క్యాబినెట్‌ను ముట్టుకుంటే జివ్వుమనేది. చవక అడాప్టర్లలో రెండూ మామూలేనట. చివరికి అసలు రకందే ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా. ఎవరైనా కొంటే చూడాల్సినవి: వోల్టులు అచ్చంగా పాతదానివే ఉండాలి, ఆంపియర్లు పాతదాంతో సమానమో ఎక్కువో ఉండాలి, పిన్ను లోపలిది ప్లస్సా మైనస్సా అన్న బొమ్మ కలవాలి. తర్వాత, దాని మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటాయి, ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు ఎవరో చూపిస్తుంది. డూప్లికేట్ దాని మీద నంబరు ఉంది, యాప్‌లో మాత్రం ఏమీ రాలేదు.

ఇప్పుడు ఆఫ్‌లైన్ యూపీఎస్ తీసేసి లైన్ ఇంటరాక్టివ్ రకం (వోల్టేజీ హెచ్చుతగ్గులను కొంత సర్దేది) పెట్టా, బోర్డు దగ్గర వోల్టేజీ హద్దు దాటితే కట్ చేసే చిన్న పరికరం ఎలక్ట్రీషియన్‌తో పెట్టించా. ఇది ఓనరమ్మ ఒప్పుకోవాలి కదా, ఆమె టీవీ కూడా పోయింది కాబట్టి ఒప్పుకుంది.

అక్షరాల గురించి పైన అంత మెచ్చుకున్నా కదా, అది పొద్దున పూట మాట. మధ్యాహ్నం రెండు దాటాక పడమటి ఎండ కిటికీలోంచి పడుతుంది, దీని వెలుగు 250 నిట్లే, ఏప్రిల్ మే నెలల్లో అది చాలదు. పరదా వేసి లైటు వేసుకుని కూర్చోవాలి. మ్యాట్ పూత ఎండ మెరుపును పగలగొడుతుంది గానీ మాయం చేయదు, తెల్ల పేజీ మీద సన్నటి రవ్వలాంటిది కనపడుతుంది, రోజంతా చదివేవాళ్లకే తెలిసే తేడా. స్టాండు ముందుకు వెనక్కి వంగుతుంది అంతే, ఎత్తు పెరగదు. కింద రెండు పాత టెలిఫోన్ డైరెక్టరీలు పెట్టా. వెనక వేరే స్టాండుకు బిగించుకునే వెసా రంధ్రాలు 100 బై 100 మిల్లీమీటర్లవి ఉన్నాయి, చెయ్యి స్టాండు కొందామని అనుకుంటూనే ఉన్నా. నిలువుగా తిప్పే స్టాండు ఉన్నది తీసుకుని ఉంటే పుస్తకం పేజీకి ఇంకా హాయిగా ఉండేదేమో, కానీ అప్పుడు దొరికిన వాటిలో తిరిగే స్టాండు ఉన్నవన్నీ పవర్ లోపల ఉన్నవే.

రంగుల విషయంలో దీన్ని నమ్మి ముఖచిత్రం అచ్చుకు పంపను. తెర మీద కనిపించే ఎరుపు కాగితం మీద వేరే ఎరుపు, అది ఈ మానిటర్ ఒక్కదాని తప్పేమీ కాదు. చీకట్లో సినిమా చూస్తే నలుపు బూడిదగా కనపడుతుంది, ఐపీఎస్ రకం ప్యానెల్ కదా, దాంట్లో నలుపు అంతే. సినిమాలే ముఖ్యమైతే నలుపు బాగుండే వీఏ రకం ప్యానెల్ చూసుకోండి, అయితే దాంట్లో పేజీని పైకి కిందికి జరిపేటప్పుడు నల్లక్షరాల వెనక నీడలా సాగుతుంది, నాకు అది పనికిరాదు.

మంచి ఎర్తింగ్, సొంత మీటరు, కరెంటు నిలకడ ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు అడాప్టర్ బయట ఉన్నా లోపల ఉన్నా ఒకటే కావచ్చు. వైర్లు తక్కువుంటాయి కాబట్టి లోపల ఉన్నదే వాళ్లకు బాగుంటుందేమో. స్తంభం మీద తీగలు ఊగే వీధిలో ఉంటే మాత్రం నేను మళ్లీ ఇట్లాంటిదే తీసుకుంటా, ఈసారి బిల్లులోనే ఇంకో అడాప్టర్ కలిపి.