బాండ్‌మాస్టర్ వెనకున్న ఆ చిన్న రేకు: ఆరేళ్ల వాడకం తర్వాత

మా బావ అమెరికా నుంచి లగేజీలో ఈ 1966 ఫెండర్ బాండ్‌మాస్టర్ హెడ్ (స్పీకర్లు విడిగా తగిలించుకునే, ట్యూబులతో నడిచే గిటార్ యాంప్లిఫైయర్) తెచ్చి ఆరేళ్లయింది. టోన్ గురించి రాయను, అది అందరికీ తెలిసిందే. నా ప్రేమంతా దీని వెనకున్న స్పీకర్ జాక్ మీదే.

క్యాబినెట్, అంటే స్పీకర్లుండే పెట్టె, ఇక్కడే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. హెడ్‌కి 4 ఓమ్‌ల లోడ్ కావాలి, అంటే దానికి తగిలించే స్పీకర్లు మొత్తం కలిపి 4 ఓమ్‌లు ఉండాలి. మల్టీమీటర్ పెడితే 13 చూపించింది. అంటే లోపలి రెండు 8 ఓమ్ స్పీకర్లు సిరీస్‌లో ఉన్నాయన్నమాట. పారలల్‌గా మార్చి సోల్డరింగ్ చేస్తే 3.3కి దిగింది. మీటర్‌లో ఎప్పుడూ కాస్త తక్కువే వస్తుంది, కంగారు పడకండి.

రెండో ఏడాది సికింద్రాబాద్‌లో మా చర్చి క్రిస్మస్ ప్రాక్టీస్. పాట మధ్యలో సౌండ్ ఆగిపోయింది. గిటార్ కేబుల్ అనుకుని వాల్యూమ్ పెంచి మరీ తీగలు గట్టిగా మీటాను, ఓ పది సెకన్లు. తర్వాత వెనక్కి చూస్తే స్పీకర్ ప్లగ్ నేల మీద ఉంది. ఎవరో పిల్లాడి కాలికి తగిలి ఊడొచ్చింది. నా గుండె జారిపోయింది. వెంటనే స్టాండ్‌బైలో (ట్యూబులు వేడిగానే ఉంచి సౌండ్ ఆపే స్విచ్) పెట్టి, ప్లగ్ గుచ్చి, భయంభయంగా మళ్లీ ఆన్ చేశాను. ఏమీ కానట్టే మోగింది!

మర్నాడు పాత రేడియోలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, చాసిస్ విప్పి జాక్ చూపించారు. "చూడు బాబూ, ప్లగ్ బయటికొస్తే ఈ రేకు వచ్చి ఇక్కడ ఆనుతుంది. అవుట్‌పుట్ షార్ట్ అవుతుంది. అదే దీన్ని కాపాడింది." మైక్ సెట్ యాంప్లిఫైయర్లలో స్పీకర్ వైర్లు కలిస్తే ట్రాన్సిస్టర్లు పోతాయి. ట్యూబులకు షార్ట్ కాసేపైతే పర్వాలేదు, లోడ్ అసలు లేకపోవడమే ప్రమాదం. అప్పుడు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి ఎగిసి లోపలి ఇన్సులేషన్ దెబ్బతింటుంది. మొదటి రోజు ప్లగ్‌ని పక్కనున్న ఎక్స్‌టెన్షన్ జాక్‌లో (అదనపు స్పీకర్ కోసం ఉండేది) మాత్రమే పెడితే సౌండ్ ఎందుకు రాలేదో కూడా అప్పుడే అర్థమైంది. మెయిన్ జాక్ ఖాళీగా ఉంటే ఆ రేకు ఆనే ఉంటుంది కదా.

అయితే ప్లగ్ క్యాబినెట్ వైపు ఊడితే ఈ రేకు ఏమీ చేయలేదు. అందుకే కేబుల్‌ని క్యాబినెట్ హ్యాండిల్‌కి ఒక చుట్టు చుట్టే గుచ్చుతాను. అది కూడా మందపాటి స్పీకర్ కేబులే. చూడ్డానికి ఒకేలా ఉందని గిటార్ కేబుల్ వాడకండి, లోపలి తీగ సన్నం. అరవై ఏళ్ల రేకు కాబట్టి మసి కూడా పడుతుంది. పెద్దాయన ఏటా ఓసారి శుభ్రం చేసిస్తారు.

నేను వాయించేది వారానికోసారి, వాల్యూమ్ 4 దాటదు. అమెరికా యాంప్ కాబట్టి వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా మన 50 హెర్ట్జ్ కరెంటుకి పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాస్త వేడెక్కుతుంది, గంటన్నరకోసారి ఆపుతాను. నాకు చాలా బాగుంది. రోజూ షోలు చేసేవాళ్లకు, దగ్గర్లో ఇలాంటి మెకానిక్ లేనివాళ్లకు మాత్రం కొనమని చెప్పలేను.