రాతి మడుగుల దగ్గర ఒలింపస్ టఫ్ టీజీ-6

ఒలింపస్ టఫ్ టీజీ-6 అన్ని పనులకూ పనికివచ్చే కెమెరా కాదు. పెళ్లికో, విహారయాత్రకో, పిల్లల పుట్టినరోజుకో కెమెరా కావాలనుకునేవారికి చేతిలో ఉన్న ఫోనే ఇంతకన్నా అందమైన చిత్రాలు ఇస్తుంది. సాయంత్రం చీకటి పడుతున్నప్పుడు కైలాసగిరి మీద నుంచి నగరాన్ని రెండింటితోనూ తీసి చూస్తే ఆ తేడా మొదటి చూపులోనే తెలిసిపోతుంది. 2019లో విడుదలైన ఈ కెమెరాలో వెలుతురును పట్టే సెన్సర్ చిటికెన వేలి గోరంతే. మెగాపిక్సెళ్లు 12 మాత్రమే. ఇంత చెప్పిన తరువాత కూడా, విశాఖ తీరంలో నీరు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే రాతి మడుగుల్లోని జీవాలను దగ్గరగా చూడాలనే కోరిక ఉన్నవారికి నేను సూచించేది దీనినే. ఆ ఒక్క పనిలో దీనికి పోటీ వచ్చే వస్తువు నాకు ఇప్పటివరకు కనబడలేదు.

ముందు ఆ పని ఎటువంటిదో చెప్పాలి. రామకృష్ణా బీచిలో ఇసుకే ఎక్కువ. అక్కడి నుంచి ఉత్తరంగా వెళ్తే 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ సరుకు నౌక కొట్టుకువచ్చి ఆగిన తెన్నేటి పార్కు, దాని పక్కనే జోడుగుళ్లపాలెం, ఆపైన రుషికొండ, సహజ శిలాతోరణం ఉన్న మంగమారిపేట వస్తాయి. ఈ తీరంలో అక్కడక్కడ తూర్పు కనుమల్లో కనిపించే ఖొండలైట్ అనే రకం రాళ్లు సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉంటాయి. మన తీరంలో రోజుకు రెండు పోట్లు (నీరు పెరగడం), రెండు పాట్లు (నీరు తగ్గడం). ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాల ఎడం ఉంటుంది కనుక సమయం రోజురోజుకూ ముప్పావు గంటకు పైగా వెనక్కి జరుగుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీరు మామూలుకన్నా ఎక్కువగా తగ్గి, మిగతా రోజుల్లో మునిగి ఉండే రాళ్లు బయటపడతాయి. ఆ రాళ్ల సందుల్లో నిలిచిన నీటిలో పువ్వుల్లా విచ్చుకునే సముద్ర అనిమోన్లు, ఖాళీ గుల్లల్లో కాపురముండే సన్యాసి పీతలు, సముద్రపు ముళ్లపందులు (సీ అర్చిన్లు), వేలి గోరుకన్నా చిన్న నత్తలు ఉంటాయి. వాటిని చూసే అవకాశం దొరికేది గంటో రెండు గంటలో. రాళ్లు నాచుపట్టి జారుతుంటాయి, అల ఎప్పుడు మీదికి వస్తుందో తెలియదు, చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి.

ఈ పరిస్థితుల్లో ఫోను ఎందుకు చాలదన్న ప్రశ్న సహజమైనదే. ఇప్పటి ఖరీదైన ఫోన్లకు దుమ్మును, నీటిని తట్టుకుంటాయని చెప్పే ఐపీ68 గుర్తింపు ఉంటుంది. అయితే ఆ పరీక్ష మంచినీటిలో జరిగేది, ఉప్పునీటికి అది హామీ కాదు. నీరు లోపలికి చేరి పాడైతే వారంటీ వర్తించదని తయారీదారులే షరతుల్లో రాస్తున్నారు. దానికి తోడు ఉప్పునీరు పడిన టచ్ స్క్రీను వేలిని సరిగా గుర్తించదు; మనం ఒకచోట తాకితే అది మరోచోట స్పందిస్తుంది. టీజీ-6కు టచ్ స్క్రీనే లేదు. అన్నీ మీటలే. దుకాణంలో చూసినప్పుడు పాతకాలపు వ్యవహారంగా తోచే ఈ విషయమే మోకాలి లోతు నీటిలో నిలబడినప్పుడు దాని పెద్ద సుగుణమని అర్థమవుతుంది. అదనపు తొడుగేమీ లేకుండా 15 మీటర్ల లోతు వరకు నీటిని, 2.1 మీటర్ల ఎత్తు నుంచి పడితే తగిలే దెబ్బను తట్టుకునేలా దీన్ని రూపొందించారు. బ్యాటరీ, కార్డు ఉండే మూతకూ, తీగలు తగిలించే మూతకూ రెండేసి తాళాలు ఉన్నాయి. కటకం ముందున్న గాజు రెండు పొరలది కావడం వల్ల, ఏసీ కారులోంచి బీచి ఉక్కలోకి దిగగానే మిగతా కెమెరాలకు పట్టే ఆవిరి దీనికి లోపలి వైపు పట్టదు.

అసలు సంగతి మైక్రోస్కోప్ మోడ్‌లో ఉంది. వెనుకనున్న చక్రాన్ని సూక్ష్మదర్శిని బొమ్మ దగ్గరకు తిప్పితే, కటకానికి 1 సెంటీమీటరు దూరంలో ఉన్న వస్తువు మీద కూడా ఫోకస్ కుదురుతుంది. చాలా కెమెరాల్లో జూమ్ చేసినకొద్దీ వస్తువుకు దూరంగా జరగవలసి వస్తుంది. ఇందులో పూర్తి జూమ్‌లోనూ ఆ దగ్గరితనం నిలుస్తుంది. జోడుగుళ్లపాలెం వైపు ఒక మడుగులో బఠాణీ గింజంత గుల్లలో ఉన్న సన్యాసి పీతను ఈ విధంగా తీశాను. కంటికి గోధుమరంగు చుక్కలా కనిపించిన ఆ జీవికి, తెర మీద చూస్తే, కాడల చివర నిలబడిన రెండు కళ్లు, వాటి మీద అడ్డచారలు, కాళ్ల కణుపుల దగ్గర నీలిరంగు పట్టీలు, గుల్ల అంచున పాచి పట్టిన గీత కూడా స్పష్టంగా కనిపించాయి. కెమెరాను నీటి లోపల పెట్టి తీయడం వల్ల నీటి ఉపరితలం మీద ఆకాశపు మెరుపు అడ్డురాలేదు. ఒడ్డున నిలబడి పైనుంచి తీసే ఏ ఖరీదైన కెమెరాకూ ఈ వెసులుబాటు లేదు.

ఇంత దగ్గరగా తీసినప్పుడు ఫోకస్ ఉండే మందం మిల్లీమీటరులో కొంత భాగం మాత్రమే. కళ్లు స్పష్టంగా ఉంటే కాళ్లు మసకబారతాయి. దానికి విరుగుడుగా ఫోకస్ స్టాకింగ్ ఇచ్చారు. కెమెరా తానే ఫోకస్‌ను కొంచెం కొంచెంగా జరుపుతూ 3 నుంచి 10 వరకు చిత్రాలు తీసి, వాటిలోని స్పష్టమైన భాగాలను కలిపి ఒకే చిత్రంగా అందిస్తుంది. రాయికి అంటుకుని కదలకుండా ఉండే నత్తలు, బార్నకిల్‌లు అనే చిన్న గుల్ల జీవుల విషయంలో ఇది అద్భుతంగా పనిచేస్తుంది. నీరు ఊగుతున్నప్పుడు అనిమోన్ మీద ప్రయోగిస్తే మాత్రం దాని ఒక్కో టెంటకిల్ (తీగలాంటి చేయి) రెండుగా, మూడుగా చీలినట్టు వస్తుంది. అటువంటప్పుడు స్టాకింగ్ మానేసి, కెమెరా అడుగుభాగాన్ని రాయికి ఆనించి, మామూలు మైక్రోస్కోప్ మోడ్‌లోనే వరుసగా తీసి వాటిలో మంచిదాన్ని ఎంచుకోవడం మేలు. ఇంకొక చిక్కు వెలుతురు. కటకం వస్తువుకు అంత చేరువగా వెళ్లేసరికి కెమెరా నీడే దాని మీద పడుతుంది. ఎల్‌జీ-1 అనే చిన్న ప్లాస్టిక్ వలయం కెమెరాలోని ఎల్ఈడీ దీపపు కాంతిని కటకం చుట్టూ పరుస్తుంది. నా దృష్టిలో ఇది అదనపు సామగ్రి కాదు, కెమెరాలో భాగమే. దీన్ని పెట్టెలోనే ఇవ్వకపోవడం తయారీదారుల పిసినారితనం.

వెలుతురు తగ్గితే ఈ చిన్న సెన్సర్ బలహీనత వెంటనే బయటపడుతుంది. సెన్సర్ స్పందనను పెంచే ఐఎస్ఓ అంకె 800 దాటిన తరువాత జేపెగ్ చిత్రాల్లో కెమెరా తనంతట తాను గరుకును (నాయిస్‌ను) తుడిచే ప్రయత్నంలో వివరాలను కూడా తుడిచేస్తుంది. అందువల్ల కెమెరా దిద్దుబాట్లు చేయని రా ఫైళ్లను కూడా భద్రపరచుకునేలా అమర్చుకోవాలి. వాటిని తెరవడానికి డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ చాలు. మొదట్లో దాని తెర మీద ఉన్న మీటల సంఖ్య చూసి బెదురు కలుగుతుంది కాని, ఈ పనికి కావలసినవి ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, గరుకు తగ్గించే మాడ్యూల్, ఇవి మూడే. వీడియో గురించి చెప్పేది తక్కువ: 4కే ఉంది, పని జరుగుతుంది.

ఇక ఇంటికి వచ్చిన తరువాతి పని. టీజీ-6లో జీపీఎస్ ఉంది కనుక చిత్రాల్లో తీసిన చోటు నమోదయ్యే వీలుంది. నడిచిన దారినంతా నమోదు చేసే లాగ్ మీటను మాత్రం అవసరం లేనప్పుడు మూసి ఉంచాలి. అది కెమెరా ఆపేసినా బ్యాటరీని తింటూనే ఉంటుంది. ఈ నమోదులన్నిటినీ చదవడానికి ఎగ్జిఫ్‌టూల్‌ను మించినది లేదు. ఫిల్ హార్వీ అనే ఆయన పెర్ల్ భాషలో రాసి 2003 నుంచి ఉచితంగా అందిస్తున్న ఈ ఉపకరణానికి బొమ్మలూ బటన్లూ ఉండవు, నల్ల తెర మీద ఆదేశం టైపు చేయాలి. అంతమాత్రాన వెనుకాడనక్కరలేదు. ఫైలు పేరు ఇస్తే అందులో దాగిన సమాచారమంతా వరుసగా చూపిస్తుంది.

అలా చూసినప్పుడు కొత్తవారిని తికమక పెట్టేది సమయం. చిత్రం తీసిన సమయంగా కెమెరా రాసేది దాని గడియారంలో ఉన్న మన స్థానిక సమయం. జీపీఎస్ గడిలో ఉండేది యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. రెండింటికీ మధ్య అయిదున్నర గంటల తేడా. ఉదయం నాలుగున్నరకు తీసిన చిత్రానికి జీపీఎస్ తేదీ ముందురోజుది అవుతుంది. స్థానిక సమయం పక్కన అది ఏ కాల మండలానిదో చెప్పే గడిని, చిత్రాల్లో సమాచారం ఎలా రాయాలో చెప్పే ఎగ్జిఫ్ ప్రమాణంలో 2016లో చేర్చారు కాని, అన్ని కెమెరాలూ దాన్ని నింపవు. కాబట్టి ఈ చిత్రాలతో పైథాన్ భాషలో ఏ చిన్న ప్రోగ్రాము రాసేవారైనా ఒక నియమం పెట్టుకోవాలి: లోపల లెక్కలన్నీ యూటీసీలో చేయాలి, మనిషికి చూపించేటప్పుడు మాత్రమే భారత సమయానికి మార్చాలి. పైథాన్ 3.9 నుంచి కాల మండలాలను లెక్కగట్టే జోన్ఇన్ఫో మాడ్యూలు భాషతో పాటే వస్తోంది కనుక ఇందుకోసం సాధారణంగా బయటి లైబ్రరీలు తెచ్చుకోనక్కరలేదు; విండోస్‌లో మాత్రం టీజెడ్‌డేటా ప్యాకేజీ చేర్చుకోవలసి రావచ్చు. అయిదున్నరను చేత్తో కూడుతూ తీసివేస్తూ పోయే పద్ధతి మాత్రం వద్దు.

నేను వాడుకునే స్క్రిప్టు ఒక పేజీకి మించదు. పోటుపాట్ల వేళలను పట్టిక నుంచి విలువల మధ్య కామాలు ఉండే ఒక మామూలు సీఎస్‌వీ ఫైలులోకి ఎక్కించుకుంటాను: తేదీ, సమయం, నీటిమట్టం. స్క్రిప్టు ప్రతి చిత్రం తీసిన సమయాన్ని చదివి, దానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న పాటు ఏదో, వరుసలో ఉన్న విలువల్లో త్వరగా వెతికే బైసెక్ట్ మాడ్యూలుతో వెతికి, పాటుకు ఎన్ని నిమిషాల ముందో వెనుకో లెక్కగట్టి ఆ సంఖ్యను ఫైలు పేరులో చేరుస్తుంది. పేరులో మొదట సంవత్సరం, తరువాత నెల, రోజు ఉండేలా చూసుకుంటే ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. దీనివల్ల కలిగిన లాభం నేను ఊహించినదానికన్నా పెద్దది. ముళ్లపందులు కనిపించిన చిత్రాలు దాదాపు అన్నీ పాటుకు అటూ ఇటూ అరగంటలోనివేనని, సన్యాసి పీతలకు అటువంటి పట్టింపు లేదని పేర్లు చూస్తేనే తెలిసింది. ఈ లెక్కలేవీ లేకుండానే తీరం మీది వాళ్లకు నీటి వేళలు తెలుసన్నది వేరే సంగతి. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నేను పట్టిక తీసేలోపే, "ఇంకో గడియలో నీళ్లు తిరుగుతాయి, పైకి వచ్చీ బాబూ" అన్నారు. పట్టికా అదే చెప్పింది.

పేర్లు మార్చే ఏ ప్రోగ్రాములోనైనా, నిజంగా మార్చడానికి ముందు ఏ పేరు ఏ పేరుగా మారబోతోందో తెర మీద చూపించి ఆగే ఏర్పాటు తప్పక ఉండాలి. అసలు ఫైళ్లను ముట్టుకోకుండా వాటి ప్రతుల మీద పని చేయడం ఇంకా క్షేమం. కార్డులోంచి నకలు తీసిన తరువాత రెండు చోట్లా ఎస్‌హెచ్ఏ-256 మొత్తాలను (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే గుర్తులను) పోల్చి చూసి, అవి సరిపోలాకే కార్డును తుడవాలి.

జీవుల పేర్లు తెలుసుకోవడానికి ఐనాచురలిస్ట్ యాప్ మంచి తోడు. 2008లో బర్క్లీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన ఈ వేదికలో, యాప్ సూచించే పేరుకన్నా తెలిసినవారు వచ్చి సరిచేసే పేరు విలువైనది. మన తీరపు అనిమోన్ల విషయంలో యాప్ మొదటి సూచనను నేను ప్రజాతి (జీనస్) స్థాయికి మించి నమ్మను. చిత్రాలను వాట్సాప్‌లో ఫోటోలుగా పంపించుకుని అక్కడి నుంచి ఎక్కించేవారు ఒకటి గమనించాలి: అలా పంపితే చోటు, సమయం చెరిగిపోతాయి, డాక్యుమెంటుగా పంపితే నిలుస్తాయి. అరుదైన జీవి కనిపించినప్పుడు చోటును అస్పష్టంగా చూపే ఎంపికను వాడాలి. పగడాలు, సముద్ర దోసకాయలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. మిగతా వాటిని కూడా చిత్రంగా తప్ప చేతిలో ఇంటికి తేకూడదు.

విశాఖలో కెమెరాకు అసలు శత్రువు లోతు కాదు, ఉప్పు. ఇంటికి రాగానే మూతలు తెరవకుండానే కెమెరాను బకెట్టెడు మంచినీటిలో కాసేపు ఉంచి, మీటలను నీటిలోనే నొక్కుతూ సందుల్లోని ఉప్పును కరగనివ్వాలి. పూర్తిగా ఆరిన తరువాతే మూత తీయాలి. మూత అంచున ఉండే రబ్బరు ప్యాకింగు మీద ఒక్క ఇసుక రేణువు, ఒక్క వెంట్రుక ఉన్నా నీరు దారి చేసుకుంటుంది. వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూస్తే అవి కనిపిస్తాయి. ప్యాకింగును ఏడాదికొకసారి మార్పించాలని తయారీదారుల సూచన. బీచిలో బ్యాటరీ మార్చే పని పెట్టుకోకుండా, పూర్తిగా ఛార్జి చేసిన బ్యాటరీతోనే బయలుదేరాలి; ఒక విడతకు అది చాలుతుంది.

2021 జనవరి నుంచి ఒలింపస్ కెమెరాల వ్యాపారం ఓఎం డిజిటల్ సొల్యూషన్స్ చేతిలో ఉంది. 2023లో వచ్చిన టీజీ-7 ఓఎం సిస్టమ్ పేరుతో అమ్ముడవుతోంది. దాని కటకం, సెన్సర్ తరగతి, మైక్రోస్కోప్ మోడ్ టీజీ-6లో ఉన్నవే. ప్రధానంగా మారినది మైక్రో యూఎస్‌బీ స్థానంలో యూఎస్‌బీ-సి రావడం, పట్టు కొంచెం మెరుగుపడటం. కొత్తది కొనేవారు టీజీ-7నే తీసుకోవాలి. వాడిన టీజీ-6 తక్కువ ధరకు దొరికితే, కొనే ముందు రెండు మూతలూ తెరిచి తీగలు తగిలించే చోట పచ్చటి తుప్పు ఉందేమో, ప్యాకింగు పగిలిందేమో, ముందు గాజు లోపల మరక ఉందేమో చూడాలి. అమ్మేవారు నీటిలో ఎన్నడూ వాడలేదని చెప్పినా ఈ పరిశీలన మానకూడదు. ప్యాకింగు మార్పించేవరకు దాన్ని వానలోకి తీసుకువెళ్లవచ్చు గాని మడుగులోకి దించకూడదు.