మౌంటెన్ బైక్‌కి ష్వాల్బే బిగ్ యాపిల్ టైర్లు
రోజూ తారురోడ్డు మీదే తొక్కేవాళ్లకి గుబ్బల టైర్లు దండగ. రొద సరే, మలుపులో గుబ్బలు వంగి పట్టు తప్పుతుంది. బిగ్ యాపిల్ దాదాపు నున్నగా ఉంటుంది. 2 అంగుళాల వెడల్పు కాబట్టి గుంతల్నీ కాస్త ఓర్చుకుంటుంది.

కొనేముందు పాత టైరు పక్కగోడ మీద ముద్రించిన అంకె చూడండి: 26 అంగుళాల చక్రానికి చివర 559, 27.5కి 584, 29కి 622 ఉండాలి. అది కలవకపోతే టైరు ఎక్కదు. పాత ట్యూబు మీద 1.75–2.125 అని (అది సరిపోయే టైరు వెడల్పు, అంగుళాల్లో) ఉంటే అదే చాలు.

బిగించేటప్పుడు ట్యూబులో కొంచెం గాలి ఉంచి, చివరి జానెడు చేత్తోనే తొయ్యండి. లీవరు (టైరు ఎత్తే పుల్ల) పెడితే ట్యూబు నలిగి పంక్చరే. 70 కిలోల మనిషికి వెనక టైరులో 45 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత), ముందు 40తో మొదలుపెట్టొచ్చు. గాలి మరీ గట్టిగా కొడితే సైకిల్ ఎగిరెగిరి పడుతుంది, ఈ టైరు కొన్న సుఖమంతా పోతుంది. బురదలో మాత్రం దీన్ని నమ్మొద్దు.