ఆరో కంప్యూటర్ మీదే: పోర్ట్‌లాండ్ ఫ్రీ గీక్ సమీక్ష

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ నగరం ఆగ్నేయ భాగాన ఉన్న ఫ్రీ గీక్‌ను చాలామంది పాత కంప్యూటర్లు వదిలించుకునే చోటుగానే ఎరుగుదురు. ఆ నగరానికి దగ్గరలోని హిల్స్‌బరో, బీవర్టన్‌లలో ఇంటెల్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఆ పరిచయం సాధారణంగా గరాజులో మూలనపడ్డ ల్యాప్‌టాప్‌ను కారులో వేసుకెళ్ళి అప్పగించి రావడంతోనే ముగుస్తుంది. ఆ సేవ మంచిదే. కానీ లాభాపేక్ష లేని ఈ సంస్థ గురించి చెప్పుకోవలసిన అసలు సంగతి, అప్పగించిన తర్వాత లోపల జరిగే పనిలో ఉంది.

2000 సంవత్సరం ధరిత్రీ దినోత్సవం నాడు ఓసో మార్టిన్ మొదలుపెట్టిన ఈ సంస్థకు పేరు తెచ్చిన పద్ధతులు రెండు. ఇరవై నాలుగు గంటలు ఏదో ఒక పనిలో స్వచ్ఛందంగా సాయపడినవారికి ఒక కంప్యూటర్ ఇవ్వడం ఒకటి. విరాళంగా వచ్చిన విడిభాగాలతో ఐదు కంప్యూటర్లు బిగించి సంస్థకు ఇచ్చినవారు ఆరోది తాము ఇంటికి తీసుకువెళ్ళడం రెండోది. ఉచితంగా పంచిపెట్టి ఊరుకోవడం కంటే ఇది ఎంతో మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఐదుసార్లు మదర్‌బోర్డు (భాగాలన్నీ అమరే ప్రధాన పలక) బిగించిన మనిషి ఆరో డబ్బా మొరాయించినప్పుడు బెదిరిపోడు. ఆన్ చేయగానే బీప్‌మని అరిచి తెర నల్లగా ఉండిపోతే ర్యామ్ అనే మెమరీ పట్టీని ఊడదీసి, దాని బంగారు అంచును రబ్బరుతో రుద్ది, రెండువైపులా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కి చూడాలని అతనికి అప్పటికే తెలిసి ఉంటుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో ఏ రిపేరు కుర్రాడైనా చేసే మొదటి పని అదే. అయితే అక్కడ ఆ విద్య అబ్బాలంటే ఏ దుకాణంలోనో పనికి కుదరాలి, ఇక్కడ మాత్రం స్క్రూడ్రైవర్ పట్టడం రాని అమ్మమ్మలకు కూడా బల్ల దగ్గర చోటుండేది.

ఈ పద్ధతిలో ఒక లోటు లేకపోలేదు. రెండు ఉద్యోగాలు చేస్తూ పిల్లలను పెంచే తల్లికి ఇరవై నాలుగు గంటలు తీరిక దొరకడం, వంద డాలర్లు దొరకడం కంటే కష్టం కావచ్చు. కంప్యూటర్ అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నది తరచూ అటువంటివారికే. పైగా నలుగురు ఒక బల్ల చుట్టూ చేరి చేసే ఈ పనికి 2020లో కోవిడ్ గండి కొట్టింది. ఇతర సేవా సంస్థల ద్వారా కంప్యూటర్లను నేరుగా అవసరమైనవారికి చేర్చడం, మౌస్ పట్టడం దగ్గర నుంచి నేర్పే తరగతులు నడపడం ఈ లోటును కొంత పూడ్చగలవు. ఆ మార్గాన్నే నేను ఎక్కువగా సమర్థిస్తాను, ఆరో కంప్యూటర్ పద్ధతి మీద ఎంత మక్కువ ఉన్నా సరే.

ఇక తుక్కు విషయం. కంప్యూటర్లు, మానిటర్లు, టీవీలను చెత్తలో పారవేయడాన్ని ఆరెగాన్ 2010 నుంచి నిషేధించింది కనుక ఎక్కడో ఒకచోట ఇవ్వక తప్పదు. ఎవరికి ఇస్తున్నామన్నదే ప్రశ్న. ప్రమాదకర వ్యర్థాల ఎగుమతిని నియంత్రించే బాసెల్ ఒప్పందం మీద అమెరికా 1990లో సంతకం చేసినా నేటికీ దానిని ఆమోదించలేదు. ఆ సందులోంచి జారిపోయిన సరుకు ఢిల్లీ సీలంపూర్ వంటి చోట్లకు చేరి, చేతి తొడుగులు కూడా లేనివారి ముందు యాసిడ్ తొట్లలో తేలుతుంది. పాత గాజు మానిటర్ ఒక్కదానిలోనే కొన్ని పౌండ్ల సీసం ఉంటుందని గుర్తుంచుకుంటే, ముందు వాడదగినవి వేరుచేసి బాగుచేసే ఇటువంటి చోటికి కాస్త దూరమైనా వెళ్ళడం సబబనిపిస్తుంది. హార్డ్ డిస్క్‌లోని సమాచారాన్ని ఫ్రీ గీక్ వారు చెరిపివేస్తారు, అయినా బ్యాంకు కాగితాలు, ఫొటోలు ముందే కాపీ చేసుకుని, ఖాతాలన్నిటి నుంచీ లాగౌట్ అయి ఇవ్వడం మన పని.

సంస్థకు చెందిన పాత సామాను దుకాణంలో కొనదలచినవారు ఒక సంగతి తెలుసుకోవాలి. ఫ్రీ గీక్ మొదటి నుంచీ, విండోస్‌కు బదులుగా వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌నే నమ్ముకున్న సంస్థ. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ఆగిపోయినప్పుడు విండోస్ 11కు నోచుకోని లక్షణమైన యంత్రాలెన్నో తుక్కు లెక్కలోకి వెళ్ళాయి. వాటికి మరికొన్నేళ్ళ ఆయువు పోయగలది లినక్సే. ఉత్తరాలు, వీడియో కాల్స్, పేపరు చదువుకోవడం వరకు ఇబ్బంది లేదు. విండోస్ మీదే నడిచే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కావాలనుకునేవారు మాత్రం కొనేముందు అడిగి తెలుసుకోవాలి. ఆరు నెలలు ఉండి వెళ్ళడానికి ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలకోసమైతే ఇటువంటి యంత్రం చాలు. తెలుగు అక్షరాలకు వేరే అమరిక ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వారికి కొరుకుడు పడదు కాబట్టి, లినక్స్‌లో భాషల టైపింగుకు వాడే ఐబస్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసే ఆర్టీఎస్ పద్ధతిని ముందుగానే అమర్చి వారి చేతికివ్వండి.